గింజ మనకు, గడ్డి ఎవరికి?
వరి సాగు, పశుపోషణల మీద వందేళ్ల వాదానికి ఒక సమీక్ష

వరి పండించే దేశానికి పశువులు ఎన్ని కావాలి? ఏ పనికి కావాలి? వాటికి మేత ఎక్కడి నుంచి రావాలి? ఈ మూడు ప్రశ్నల మీద మన దేశంలో దాదాపు వందేళ్లుగా వాదన నడుస్తోంది. అర్థశాస్త్రవేత్తలు, మానవశాస్త్రవేత్తలు, న్యాయమూర్తులు, మతపెద్దలు, పశువైద్యులు ఇందులో పాల్గొన్నారు. ఇప్పుడు వాతావరణ శాస్త్రవేత్తలూ చేరారు. ఒక్కో పక్షం ఒక్కో లెక్క పట్టుకుంది. ఒకరు తలలు లెక్కపెట్టారు, ఒకరు పాలు, ఒకరు పేడ, ఒకరు మీథేన్. విడివిడిగా చూస్తే ప్రతి లెక్కా సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే పొంతన కుదరదు.

ఈమధ్య చిక్కు ఇంకా ముదిరింది. 1950-51లో సుమారు 2 కోట్ల టన్నులున్న బియ్యం ఉత్పత్తి 2023-24 నాటికి 13.7 కోట్ల టన్నులు దాటింది. పాల ఉత్పత్తి అదే కాలంలో 1.7 కోట్ల టన్నుల నుంచి దాదాపు 24 కోట్ల టన్నులకు చేరింది. రెండూ పెద్ద విజయాలే. అయితే ఈ రెండు పనులూ ఒకప్పుడు ఒకే ఇంటి ఆవరణలో, ఒకదాని ఆసరాతో ఒకటి సాగేవి. ఆ ఆసరా ఇప్పుడు ఒకవైపే మిగిలింది. వరి పొలానికి ఎద్దు అక్కర్లేదు. పాలిచ్చే గేదెకు మాత్రం వరిగడ్డి లేకపోతే గడవదు. నేటి వివాదాల్లో చాలావాటికి మూలం ఈ అసమానతలోనే ఉందని ఈ వ్యాసం వాదన.

పాత పొత్తు

వరి మొక్కలో మనిషి తినేది గింజ లోపలి భాగం ఒక్కటే. గడ్డి, తవుడు, చిట్టు, నూక ఇవన్నీ పశువుకో కోడికో పోయేవి. బదులుగా ఎడ్లు, దున్నలు దుక్కి దున్ని, మడి దమ్ము చేసి, కుప్ప నూర్చి, బండి లాగేవి. వాటి పేడ పెంటకుప్పలో మాగి మళ్లీ పొలానికి చేరేది. కోత తర్వాత గొర్రెల కాపరి మందను పొలంలో నిలిపితే రైతు ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. నెల్లూరు, గోదావరి ప్రాంతాల్లో బాతుల మందలు కోసిన మళ్లలో రాలిన గింజలు, నత్తలు ఏరుకుంటూ ఊరూరా తిరిగేవి.

ఈ పొత్తు చక్కగా సాగిందని చెప్పుకోవడం తేలికే గానీ దాని లోపల కొరతలు మొదటి నుంచీ ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా అంతా వరి మయమైంది. కాలువ నీరు అందిన చోటల్లా పచ్చిక బీడు మడిగా మారింది. పశువులకు పని పెరిగింది, తిరిగి మేసే నేల తరిగింది. ఈ ఇబ్బందిని డెల్టా రైతు రెండు విధాలుగా గట్టెక్కాడు. దుక్కిటెద్దుల కోసం మెట్ట వైపు చూశాడు. గుండ్లకమ్మ పరిసరాల నల్లరేగడిలో జొన్నచొప్ప తిని పెరిగిన ఒంగోలు జాతి అందుకు ప్రసిద్ధి. రెండోది, వరి కోతకు ముందే మడిలో తేమ ఉండగా జనుము, పిల్లిపెసర చల్లి పచ్చిమేత పండించాడు. ఎండుగడ్డిలో లేని మాంసకృత్తులు ఈ కాయజాతి మేతలో దొరికేవి. ఏ ప్రయోగశాల సాయమూ లేకుండా రైతులు కుదుర్చుకున్న ఈ పద్ధతిని తర్వాతి పరిశోధకులు తగినంత పట్టించుకోలేదు. ఆ అలక్ష్యానికి మూల్యం ఇప్పటికీ చెల్లిస్తున్నాం.

“పశువులు మితిమీరాయి”

వాదం అధికార పత్రాల్లోకి స్పష్టంగా ఎక్కింది లిన్‌లిత్‌గో అధ్యక్షతన ఏర్పడిన రాయల్ వ్యవసాయ కమిషన్ 1928 నివేదికతో. ఆ కమిషన్ ఒక విషవలయాన్ని వర్ణించింది. మేత చాలక పశువులు బలహీనపడతాయి. బలహీనమైన ఎడ్లతో పని జరగక రైతు ఇంకా ఎక్కువ పశువులను ఉంచుకుంటాడు. దాంతో ఉన్న మేత మరింత పలచబడుతుంది. తలలు తగ్గిస్తే తప్ప పశువు బాగుపడదన్నది దాని సారాంశం.

1959లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం ఇంకో అడుగు ముందుకేసింది. ఉన్న మేతతో పోలిస్తే దేశంలోని ఆవుజాతి పశువుల్లో కనీసం మూడో వంతు, బహుశా సగం, అదనమని తేల్చింది. అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు ఖురేషీ కేసులో ఇలాంటి లెక్కనే ఆధారం చేసుకుంది. ఆవుల, దూడల వధపై నిషేధాన్ని సమర్థిస్తూనే, పనికి రాని ఎడ్ల మీద, గేదెల మీద కూడా పూర్తి నిషేధం పెట్టడం సహేతుకం కాదన్నది. మేత కొరత ఉన్న దేశంలో ముసలి పశువుల్ని మేపడం పనికొచ్చే పశువుల నోటి ముందు మేత తీసేయడమే అవుతుందని ఆ తీర్పు వెనుక ఉన్న తర్కం.

ఈ పక్షం బలం సూటిదనంలో ఉంది. దాని లోపం కూడా అక్కడే ఉంది. ఏ పశువు అదనం, ఎవరికి అదనం అన్న ప్రశ్న వేయకుండా దేశమంతటి మేతను దేశమంతటి పశువులతో భాగించింది. రెండెకరాల రైతుకు ఏడాదిలో ఎడ్ల అవసరం కొద్ది వారాలే. కానీ ఆ వారాల్లో, తొలకరి పడ్డప్పుడు, ఊరందరికీ ఒకేసారి కావాలి. పొరుగువాడి జత అరువు దొరకదు. దేశం లెక్కలో అదనమైన ఎద్దు ఆ ఇంటికి అత్యవసరం.

హారిస్ తెచ్చిన మలుపు, వచ్చిన జవాబులు

1966లో అమెరికన్ మానవశాస్త్రవేత్త మార్విన్ హారిస్ ఈ వాదాన్ని తలకిందులు చేశాడు. భారతీయులు ఆవును చంపకపోవడం మతమౌఢ్యం కాదు, పర్యావరణానికి తగిన ఆర్థిక వివేకం అన్నాడు. పాలు ఇవ్వకపోయినా ఆవు ఎద్దును కంటుంది, పొయ్యికి పిడక ఇస్తుంది, పొలానికి ఎరువు ఇస్తుంది, మనిషి తినలేని గడ్డిని తిని బతుకుతుంది. కరువులో ఆవును కోసుకు తిన్న రైతు మరుసటి ఏడు దున్నుకోలేడు కాబట్టి ఆ నిషేధం రైతును కాపాడుతుందని అతని వాదన. తర్వాత పశ్చిమబెంగాల్‌లోని సింగూరు ప్రాంతంలో స్టువర్ట్ ఓడెన్‌హాల్ చేసిన కొలతలు దీనికి బలమిచ్చాయి. అది అచ్చమైన వరి ప్రాంతం. అక్కడి పశువులు తిన్నదంతా దాదాపు పంటల శేషమే. పని, పాలు, పేడ అన్నీ శక్తి కింద మారిస్తే ఆ పశువుల సామర్థ్యం 17 శాతం దాకా తేలింది. అమెరికా పచ్చికబయళ్ల మాంసపు పశువులది 4 శాతం లోపు.

జవాబు భారత అర్థశాస్త్రవేత్తల నుంచి వచ్చింది. వి.ఎం. దాండేకర్ ఈ సిద్ధాంతంలో తప్పించుకునే దారులు ఎక్కువని విమర్శించారు. ఉన్నదంతా ఏదో ఒక ప్రయోజనానికే ఉందని చెప్పే సిద్ధాంతం ఏ దుస్థితినైనా సమర్థించగలదు. పశువుల సంఖ్యను ఆకలితోనే అదుపు చేయాల్సి వస్తే దాన్ని వివేకమని ఎలా అంటామన్నది ఆయన అభ్యంతరంలోని బలమైన అంశం. అలన్ హెస్టన్ వేరే దారిలో వెళ్లి, ఇంతే పని, ఇన్నే పాలు తక్కువ ఆవులతో సాధించవచ్చని లెక్కవేశాడు.

కె.ఎన్. రాజ్ ఈ రెండింటికీ మధ్య నిలబడ్డారు. ఈ చర్చలో అందరికంటే దూరం చూసింది ఆయనేనని నా అభిప్రాయం. మతం దేశమంతటా ఒకటే అయినా ఆవులకు, ఎడ్లకు మధ్య నిష్పత్తి ప్రాంతానికో రకంగా ఉందని ఆయన చూపించారు. దుక్కి అవసరం ఎక్కువ ఉన్న చోట మగ పశువులు ఎక్కువ, పాల గిరాకీ ఉండి దుక్కి తక్కువైన కేరళ లాంటి చోట మగ దూడలు బతకడమే తక్కువ. రైతు ఎవరూ కత్తి పట్టడు. మగ దూడకు పాలు తక్కువ విడుస్తాడు, అంతే. మతం మాట ఎలా ఉన్నా మంద కూర్పును నిర్ణయించేది వ్యవసాయ అవసరమే. 1982లో వైద్యనాథన్, నాయర్, హారిస్ కలిసి చేసిన రాష్ట్రాల వారీ విశ్లేషణ ఈ దిశనే బలపరిచింది. హారిస్ వాదంలో నిలిచిన భాగం కూడా ఇదే.

ఎద్దు వెళ్లిపోయింది

రాజ్ చెప్పింది నిజమైతే ఒక జోస్యం దానంతట అదే వస్తుంది. దుక్కికి ఎద్దు అవసరం పోయిన రోజున ఏ చట్టం ఉన్నా, ఏ నమ్మకం ఉన్నా మగ పశువు తగ్గిపోవాలి. సరిగ్గా అదే జరిగింది. 1970ల మొదట్లో పొలంలో వాడే శక్తిలో పశువుల వాటా సగానికి దగ్గరగా ఉండేది. ఇప్పుడు అది పదో వంతు కన్నా తక్కువ. 2012, 2019 పశుగణనల మధ్య ఆవుజాతిలో మగ పశువులు సుమారు 30 శాతం తగ్గాయి, ఆడ పశువులు 18 శాతం పెరిగాయి. వరి మళ్లలో ఈ మార్పు ఇంకా ముందే వచ్చింది. ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు బిగించడం మొదలైన చోట ఎడ్ల జతకు చేయడానికి మిగిలిన పని కొద్దిపాటి బండి తోలకమే.

దీన్ని ఆపాలన్న వాదం కూడా ఉండేది. బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970లు, 80లలో పశుశక్తిని గాలికి వదిలేయొద్దని పట్టుబట్టారు. 8 కోట్ల పనిపశువులు, కోటిన్నర బండ్లు ఉన్న దేశంలో మెరుగైన కాడి, తేలికైన బండి, బేరింగులున్న ఇరుసు మీద పెట్టుబడి ఎందుకు పెట్టరని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి తగ్గ పరిశోధన, రుణం, మరమ్మతు సదుపాయం రాలేదు. అవన్నీ ట్రాక్టరుకు వచ్చాయి. ఎద్దు ఓడిపోయిందనడం కన్నా దానికి పోటీలో చోటే దొరకలేదనడం న్యాయం.

ఎద్దు ఖాళీ చేసిన కొట్టంలోకి పాడి వచ్చింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ మీద అప్పట్లో తీవ్ర విమర్శలే వచ్చాయి. పల్లె పాలు పట్నానికి తరలిపోతున్నాయని, సంకర జాతుల మోజులో మేత సంగతి మరిచారని శాంతి జార్జ్, క్లాడ్ అల్వారిస్ లాంటివారు రాశారు. పాల పరిమాణం విషయంలో ఆ విమర్శ నిలవలేదు. మేత విషయంలో నిలిచింది.

కోస్తా ఆంధ్రలో పాడి అంటే ప్రధానంగా గేదె, తెలంగాణ మాటలో బర్రె. ఎండుగడ్డి లాంటి ముతక మేతను అరాయించుకోవడంలో ఆవు కన్నా గేదె మెరుగు. పాలలో వెన్న ఎక్కువ కాబట్టి ధర ఎక్కువ. మూడో కారణాన్ని పైకి చెప్పేవాళ్లు తక్కువ. ఒట్టిపోయిన గేదెను సంతలో అమ్ముకోవచ్చు.

చట్టం ఎక్కిన లెక్క

ముసలి పశువు అమ్మకం ధర పాడి రైతుకు తర్వాతి పశువు కొనడానికి పెట్టుబడి. ఆ దారి మూసుకుపోతే నష్టం కసాయికి ఒక్కడికే కాదు. 2005లో గుజరాత్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 1958 నాటి వైఖరిని మార్చింది. ఎద్దు పని మానేసినా పేడ, మూత్రం ఇస్తూనే ఉంటుంది కాబట్టి నిరుపయోగం కాదన్నది మెజారిటీ అభిప్రాయం. రెండు తీర్పులూ ఆర్థిక లెక్క మీదే నిలబడ్డాయి. ఒకటి మేతను లెక్కపెట్టింది, మరొకటి పేడను. పేడ విలువ, అది ఇవ్వడానికి పశువు తినే గడ్డి విలువ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం రెండింటిలోనూ అసంపూర్తిగానే ఉండిపోయింది. 2017 మేలో కేంద్రం వధ కోసం సంతల్లో పశువుల అమ్మకాన్ని ఆపే నిబంధనలు తెచ్చినప్పుడు ఇదే తగువు మళ్లీ రేగింది. ఆ నిబంధనలు కోర్టుల్లో నిలిచిపోయాయి. రైతు కట్టు విప్పి వదిలేసిన పశువులు పంటల మీద పడటం ఉత్తరాది రాష్ట్రాల్లో ఎన్నికల అంశమైంది. లింగ నిర్ధారిత వీర్యంతో మగ దూడ పుట్టకుండానే చూడాలన్న పరిష్కారం ఇప్పుడు ప్రచారంలో ఉంది. దాని ఖర్చు, చూలు కట్టే శాతం చిన్న రైతుకు అనుకూలిస్తేనే అది పనికొస్తుంది.

గడ్డి దగ్గర అసలు చిక్కు

ఇంతవరకు చెప్పిన పక్షాలన్నీ పశువు చుట్టూ తిరిగాయి. తగువు తీరేది గడ్డి దగ్గర.

దేశంలో సాగుభూమిలో మేత పంటలకు దక్కుతున్నది సుమారు 4 శాతమే. కాబట్టి పొట్ట నింపేది పంటల శేషం. వరి ప్రాంతాల్లో అది వరిగడ్డి. మేతగా అది బలహీనమైనది. మాంసకృత్తులు 3 నుంచి 5 శాతమే. సిలికా చాలా ఎక్కువ. అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని పట్టేసుకుని పాలిచ్చే పశువుకు అందనివ్వవు. అందుకే పక్కన ఇంత పచ్చిమేత, ఇంత తెలగపిండి ఉండాలి.

ఈ బలహీనతను యూరియాతో సరిదిద్దే ప్రయత్నం 1980ల నుంచి జోరుగా సాగింది. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50, 60 లీటర్ల నీటిలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెడితే గడ్డి మెత్తబడి, అరుగుదల, మాంసకృత్తులు పెరుగుతాయి. శాస్త్రం నిక్కచ్చిగా సరైనది. ప్రదర్శనలు వేలల్లో జరిగాయి. రైతులు మాత్రం పట్టించుకోలేదు. నీళ్లు మోయాలి, గడ్డి తొక్కాలి, కప్పడానికి పాలిథిన్ కొనాలి, చేతులు మండుతాయి. ఆ చాకిరీ ఇంట్లో పడేది ఎక్కువగా ఆడవాళ్ల మీద. రోజుకు రెండు లీటర్ల పాలిచ్చే పశువు మీద ఆ శ్రమకు ప్రతిఫలం కనిపించలేదు. పశుపోషణలో శ్రమ ఎవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టిన ప్రతి పథకానికీ ఇదే గతి పట్టింది.

రెండో ప్రయత్నం విత్తనం దగ్గర మొదలైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థకు చెందిన మైకేల్ బ్లూమెల్ బృందం హైదరాబాద్ చొప్ప మార్కెట్లను పరిశీలించింది. జొన్నచొప్పలో అరుగుదల కొద్ది శాతం మెరుగ్గా ఉన్నా వ్యాపారులు ధర పెంచి కొంటున్నారని తేలింది. కొలిచే యంత్రం లేకుండానే మార్కెట్ నాణ్యతను గుర్తిస్తోందన్నమాట. దీన్ని బట్టి గింజతో పాటు చొప్ప నాణ్యతను కూడా చూసి వంగడాలు ఎంచాలన్న ఆలోచన బలపడింది. వరిలో మాత్రం ఈ ఆలోచన ఆలస్యమైంది. ఐఆర్-8 తర్వాత వచ్చిన పొట్టి రకాల లక్ష్యమే మొక్క బలాన్ని గడ్డి నుంచి గింజకు మళ్లించడం. మార్టేరు స్వర్ణ, బాపట్ల సాంబమసూరి లాంటి రకాలు ఈ నేలకు అన్నం పెట్టాయి, అందులో రెండో మాట లేదు. కానీ కొత్త రకాన్ని విడుదల చేసేటప్పుడు ఎకరాకు బస్తాలు, తెగుళ్లు, బియ్యం నాణ్యత ముందుకు వస్తాయి. గడ్డిని గేదె ఇష్టంగా తింటుందా అన్న ప్రశ్నకు ఆ తూకంలో చోటు దొరకడం అరుదు.

మూడో మలుపు కోత యంత్రం. చేత్తో కోసి, పనలు కట్టి, కుప్ప వేసి నూర్చినప్పుడు గడ్డి నిటారుగా, ఎండుగా, వామికి సిద్ధంగా వచ్చేది. యంత్రం గడ్డిని నలిపి వరుసలుగా పారేస్తుంది. బేలర్ యంత్రం వెంటనే దొరికితే కట్టలవుతుంది. దొరక్కపోయినా, వాన పడినా, తర్వాతి పంటకు తొందరున్నా అగ్గిపుల్ల పడుతుంది. ఇక్కడ పంజాబ్‌తో పోలిక జాగ్రత్తగా చేయాలి. అక్కడ పశువుకు ప్రధాన మేత గోధుమ భూసా. బాస్మతి కాని రకాల వరిగడ్డిని మేతగా పెద్దగా ఎంచరు. కాబట్టి వాళ్లు తగలబెట్టేది తమ పశువు తినని దాన్ని. తెలుగు రాష్ట్రాల్లో, బెంగాల్‌లో, ఒడిశాలో వరిగడ్డే ప్రధాన ఎండుమేత. యాసంగి కోతల తర్వాత తెలంగాణలో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టినప్పుడు కాలేది మేత. సాగర్ ఆయకట్టులో గడ్డి కాలుతుండగా అనంతపురం జిల్లాలో కరువు ఏడాది గడ్డి లేక పశువులు అమ్ముకోవడం జరుగుతుంది. మేత కొరత అంటే చాలా సందర్భాల్లో గడ్డి లేకపోవడం కాదు. ఉన్న చోటు నుంచి కావలసిన చోటికి చేరకపోవడం. గడ్డికి బరువు తక్కువ, జాగా ఎక్కువ. కాబట్టి రవాణా ఖర్చే దాని ధర అవుతుంది.

ఇంకో నష్టం చడీచప్పుడు లేకుండా జరిగింది. పొలం లేని కూలి ఇళ్లలో గేదె బతికేది గట్ల మీద కోసుకొచ్చే పచ్చగడ్డితో, కోతలకు వెళ్లినప్పుడు తెచ్చుకునే మోపులతో. కలుపు మందులు గట్ల గడ్డిని మాడ్చాయి. కోత యంత్రం కూలితో పాటు మోపునూ తీసేసింది. మన దేశంలో భూమి కన్నా పశువులు సమానంగా పంపిణీ అయి ఉన్నాయని సర్వేలు పదేపదే చెబుతాయి. గడ్డి మీద హక్కు లేకపోతే ఆ సమానత్వం నిలవదు.

తవుడు, నూకల కోసం పోటీ

గడ్డి దారి తప్పితే, తవుడు, నూక చేతులు మారాయి. నూనె తీసిన తవుడు ఇప్పుడు కొల్లేరు పరిసరాల చేపల చెరువులకు ముఖ్యాహారం. అదే డెల్టాలో మడి చెరువైన చోట గడ్డి కూడా పోయింది. అంటే ఒకే మార్పు పాడి రైతుకు రెండు వైపుల నుంచి తగిలింది. నూకల కోసం కోళ్ల దాణా వ్యాపారులు, ఇథనాల్ కర్మాగారాలు పోటీ పడుతున్నాయి. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని కేంద్రం నిషేధించింది. దాణా ధరలు తగ్గించాలన్నది ముఖ్య కారణాల్లో ఒకటి. వరి మిల్లు తలుపు దగ్గర పాడి రైతు, చేపల రైతు, కోళ్ల రైతు, మద్యసార కర్మాగారం ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. వీరిలో బేరమాడే శక్తి అందరికంటే తక్కువ ఉన్నది పాడి రైతుకు, ముఖ్యంగా ఒకటి రెండు పశువులున్న వారికి.

పేడ మీద ఆశ ఎంతవరకు

ప్రకృతి వ్యవసాయ పక్షం పాత పొత్తును కొత్త రూపంలో తిరిగి తేవాలంటోంది. సుభాష్ పాలేకర్ లెక్కలో ఒక నాటు ఆవు ముప్పై ఎకరాలకు చాలు. పది కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, 200 లీటర్ల నీటితో చేసే జీవామృతం ఎకరాకు సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015-16 నుంచి దీన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ 2019లో బాహాటంగా విభేదించింది.

శాస్త్రవేత్తల అభ్యంతరం నత్రజని గురించి. టన్ను ధాన్యానికి పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరాకు 30 బస్తాలు పండితే 40 కిలోల దరిదాపు. మాగిన పెంటలో నత్రజని అర శాతమే. అంతా పెంట నుంచే రావాలంటే ఎకరాకు ఏడెనిమిది టన్నులు తోలాలి. అదైనా మొదటి ఏడు అంతా పైరుకు అందదు. పది కిలోల పేడ ఈ లోటు తీర్చదు. ప్రకృతి వ్యవసాయం వైపు జవాబు కూడా వినాలి. జీవామృతం పోషకం కాదు, నేలలోని సూక్ష్మజీవులకు తోడు మాత్రమే. పోషకం పచ్చిరొట్ట, మిశ్రమ పంటలు, నేల కప్పు నుంచి వస్తుందని వారంటారు. వరి మడి నీటిలో నాచు, అజొల్లా గాలి నుంచి కొంత నత్రజని పడతాయన్నది నిజమే. ఖర్చు తగ్గిన రైతులున్నారన్నదీ నిజమే. దిగుబడి దీర్ఘకాలంలో ఎంత నిలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఒకే మడిలో, స్వతంత్ర పరిశీలనలో, చాలా ఏళ్ల పాటు సాగే ప్రయోగాలే జవాబివ్వగలవు. ఆవు జాతి మీద సాగే వాదనకు ఖర్చవుతున్న శక్తిలో కొంత అటు పెడితే మేలు.

మీథేన్ మాట

2016 సంవత్సరానికి భారత్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన లెక్కల్లో వ్యవసాయ ఉద్గారాల్లో సగానికి పైగా నెమరువేసే పశువులవి, సుమారు 17 శాతం వరి మళ్లవి. 2021 గ్లాస్గో సదస్సులో వచ్చిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. చిన్న రైతు బతుకుతెరువు మీద ఆ భారం వేయకూడదన్న వైఖరి సమంజసమే. కానీ దేశంలో చేయదగిన పని ఉంది. మడిని తడుపుతూ ఆరబెడుతూ సాగు చేస్తే మీథేన్ గణనీయంగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. గడ్డి విషయం ఇంకా జటిలం. తగలబెడితే పొగ, నిల్వ నీటిలో కలియదున్నితే మీథేన్, పశువుకు వేస్తే నెమరులో మీథేన్. పాలు, పేడ ఇచ్చేది మూడో దారి ఒక్కటే. లీటరు పాలకు వచ్చే మీథేన్ తగ్గాలంటే పశువుకు మేలైన మేత కావాలి. మళ్లీ పిల్లిపెసర దగ్గరికే వస్తున్నాం.

తేలినవి, తేలనివి

పక్షాలన్నీ పక్కపక్కన పెడితే కొన్ని తేలిపోయాయి. మంద కూర్పును మతం కన్నా వ్యవసాయ అవసరమే నడిపిస్తుందన్న రాజ్ వాదం నెగ్గింది. దేశంలో పశువులు ఎన్ని అదనం అన్న ఫోర్డ్ బృందం ప్రశ్న కాలం చెల్లింది. ఆ లెక్కలోని ఎడ్లు ఇప్పుడు లేవు. హారిస్ వర్ణించిన ఆవు, అంటే ఎద్దును కనేది, పిడక ఇచ్చేది, గ్యాస్ పొయ్యి, ట్రాక్టరు వచ్చిన ఊళ్లో చాలావరకు గతం. సుప్రీంకోర్టు 2005లో చెప్పిన పేడ విలువ నిజం కావాలంటే పేడకు కొనుగోలుదారు ఉండాలి. బయోగ్యాస్ పథకాలు అక్కడక్కడే నిలదొక్కుకున్నాయి.

తేలని వాటిలో పెద్దది మేత లెక్కే. ఝాన్సీ గడ్డి పరిశోధన సంస్థ తన ‘విజన్ 2050’లో పచ్చిమేత లోటు 35 శాతం పైన, ఎండుమేత లోటు 11 శాతం దరిదాపు అన్నది. తర్వాత వచ్చిన మరో అంచనాలో ఈ రెండూ దాదాపు తారుమారై, పచ్చిమేత లోటు 11 శాతానికి దిగి, ఎండుమేత లోటు 23 శాతానికి ఎక్కింది. ఇంత తేడా రావడానికి కారణం సంస్థల అలసత్వం కాదు. గింజ దిగుబడిని ఒక స్థిర నిష్పత్తితో గుణించి గడ్డిని ఊహించడం. ఆ నిష్పత్తి రకాన్ని బట్టి, కోత ఎత్తును బట్టి, యంత్రాన్ని బట్టి మారిపోతుంది. ఎంత కాలిందో, ఎంత కుళ్లిందో, ఎంత గేదె నోటికి చేరిందో అందులో ఉండదు.

దేశంలో 21వ పశుగణన 2024 అక్టోబరులో మొదలైంది. తినే నోళ్ల లెక్క అలా వస్తుంది. తినే గడ్డి లెక్క కూడా కావాలి. అందుకు కొత్త శాఖ అక్కర్లేదు. ప్రతి సీజన్‌లో ఊరూరా పంటకోత ప్రయోగాలు జరుగుతున్నాయి. కొలిచిన చదరంలో పైరు కోసి, నూర్చి, గింజ తూకం రాస్తున్నారు. గడ్డి ఆ పక్కనే పడి ఉంటుంది. దాన్నీ తూచి, రకం పేరుతో, కోత పద్ధతితో సహా నమోదు చేసి మండలాల వారీగా ప్రకటించాలి. రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలు కలిసి వచ్చే ఖరీఫ్ నుంచే ఈ పని మొదలుపెట్టాలి.